రెండంగుళాల తేడా

మంచి పనివాడి పేరు నలుగురి నోళ్ళలో నానుతుందంటారు. ఆ మాట అన్నవాళ్ళెవరూ కొలతల మేస్త్రి కొట్టు చూసి ఉండరు. ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి అయినవాళ్ళకి బూట్లు చేయడం అతని పని. తక్కువైన ఎత్తుని బూటు లోపలే, పలచటి బెండు పొరలు పేర్చి, బయటివాళ్ళ కంటికి ఆనకుండా దాచేసేవాడు. అవి వేసుకున్నవాళ్ళు తిన్నగా నడిచేవాళ్ళు, ఉద్యోగాలు తెచ్చుకునేవాళ్ళు, పెళ్ళిళ్ళు చేసుకునేవాళ్ళు. ఎక్కడ చేయించారో మాత్రం కట్టుకున్నవాళ్ళకి కూడా చెప్పేవాళ్ళు కాదు. బజారులో మేస్త్రి ఎదురైతే మొహం తిప్పుకుని వెళ్ళిపోయేవాళ్ళు. మేస్త్రి కూడా పలకరించేవాడు కాదు. అది ఆ కొట్టు ఆచారం.

ఇన్నేళ్ళూ ఆసుపత్రిలో ఎముకల డాక్టరు ఒకాయన చీటీ రాసి పంపేవాడు కనక బండి నడిచింది. రెండేళ్ళ కిందట ఆయన పోయాడు. ఆయన కుర్చీలోకి వచ్చిన కొత్త డాక్టరుకి మేస్త్రి అనేవాడు ఒకడున్నాడనే తెలియదు. మేస్త్రి వెళ్ళి చెప్పుకుందామని మూడుసార్లు ఆసుపత్రి మెట్లెక్కి, నోట్లో నాలుక లేనివాడు కాబట్టి మూడుసార్లూ దిగివచ్చాడు. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇప్పుడు కొట్టు అద్దెకిచ్చిన యజమాని వచ్చి కూర్చున్నాడు.

"మేస్త్రీ, నీమీద నాకేం కోపం లేదయ్యా. కానీ నెల రోజులుగా నీ గుమ్మం తొక్కిన మనిషి కనబడలేదు. పక్క కొట్టువాడు గోడ కొట్టేసి కలుపుకుంటానంటున్నాడు. ఈ మంగళవారం కాదు, పై మంగళవారం దాకా చూస్తాను. నలుగురు వచ్చిపోతున్నారనిపిస్తే సరే, లేకపోతే నువ్వే సర్దుకో."

మేస్త్రి తలెత్తి గోడవైపు చూశాడు. అరల నిండా చెక్క పాదాలు, బూట్లు కుట్టడానికి అచ్చులు. ఒక్కొక్క మనిషికీ రెండేసి చొప్పున, అతను సొంతంగా చెక్కినవి, నూట నలభై జతలు. వాటిని పెట్టుకునే చోటు ఇంట్లో లేదు. అవి పోతే ఆ మనుషుల బూట్లు అరిగిన రోజున మళ్ళీ చేసేవాడు ఉండడు. ఆ సంగతి యజమానికి చెప్పాలనుకుని, ఊరికే తల ఊపాడు.

చెల్లెలే వెబ్‌సైట్ సంగతి ఎత్తింది. ఆమె నీళ్ళ బిల్లుల ఆఫీసులో గుమాస్తా. ఎడమ కాలు కుడి కాలికంటే రెండంగుళాలు పొట్టి. బళ్ళో పిల్లలు వెనకాలే కుంటుతూ నడిచి నవ్వుతుంటే చూడలేక, పదహారేళ్ళప్పుడు మేస్త్రి చదువు మానేసి ఒక ముసలాయన దగ్గర ఈ పనికి కుదిరాడు. అతను చేసిన మొదటి జత ఆమెకే. పదకొండేళ్ళుగా ఆఫీసులో ఆమె కాలి సంగతి ఒక్కరికీ తెలియదు.

"కాలు తేడా ఉన్నవాళ్ళు నోరు తెరిచి ఇంకొకళ్ళని అడగరన్నయ్యా. అడిగినా చెప్పేవాళ్ళు లేరు. తలుపేసుకుని ఫోన్లో వెతుక్కుంటారు. వెతికినప్పుడు నువ్వు కనబడాలి. వెబ్‌సైట్ ఉంటే ఈ ఊరేంటి, ఎక్కడివాళ్ళయినా కనుక్కుంటారు. వాళ్ళని ఎవరూ చూడరు కూడా" అంది.

"సరే. కానీ ఆ మాటలేవీ రాయకూడదు" అన్నాడు మేస్త్రి.

"ఏ మాటలు?"

"కుంటి, పొట్టి, తేడా, వంకర. అవేవీ వద్దు. చదివినవాళ్ళు నొచ్చుకుంటారు."

ఆఫీసు నుంచి వచ్చాక నాలుగు సాయంత్రాలు కూర్చుని ఆమె తయారుచేసింది. ఫొటోలకి మేస్త్రి తన పనిలో మేలైనవి ఏరి ఇచ్చాడు. ఏ బూటులో ఎంత ఎత్తు దాచాడో తనకే తెలియనంత బాగా కుదిరినవి. పైన 'హాయిగా నడిపించే బూట్లు' అని రాయించాడు. అంతా అయ్యాక గర్వంగా చూసుకున్నాడు కూడా. ఇల్లు అలకగానే పండగ అవుతుందనుకున్నాడు పాపం.

ఫోన్లు వచ్చాయి. ఎనిమిదో సైజు ఉందా అని ఒకడు. రెండు కొంటే ఒకటి ఫ్రీయా అని ఒకావిడ. ఆడపిల్లలకి గులాబీ రంగువి ఉన్నాయా అని ఇంకొకావిడ. బుధవారం అయిపోయింది. మేస్త్రి అన్నం ముందు కూర్చుని లేచిపోవడం చూసి భార్య గిన్నెల మీద మూతలు పెట్టుకుంది. గురువారం పొద్దున్నే అతను కొట్టుకి వెళ్ళి చెక్క పాదాలు ఒక్కొక్కటే తీసి గోనెసంచిలో వేయడం మొదలుపెట్టాడు.

ఆఫీసుకి వెళుతూ తొంగిచూసిన చెల్లెలు గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇంకా ఐదు రోజులున్నాయిగా!"

"ఉండి ఏం చేస్తానే? చూసినవాళ్ళందరికీ మనది మామూలు చెప్పుల కొట్టు."

"మరి మామూలు బూట్ల ఫొటోలు పెట్టిస్తే ఇంకేమనుకుంటారు? తేడా అన్న మాటే లేకపోతే తేడా ఉన్నవాడు నిన్నెలా కనుక్కుంటాడు? ఏం దాచావో చూపించకపోతే, దాచడం నీకు వచ్చని ఎవడికి తెలుస్తుంది?"

"ఎవరిని చూపించమంటావ్? ఈ నూట నలభై మందిలో ఒక్కడు ఒప్పుకుంటాడా? కాళ్ళు పట్టుకున్నా ఒప్పుకోరు."

ఆమె లోపలికి వచ్చింది. బల్ల మీద కూర్చుని రెండు బూట్లూ విప్పేసింది. నేల మీద నిలబడింది. చిన్నప్పటిలాగే నడుము ఒక పక్కకి ఒరిగి, ఎడమ మడమ గాలిలో ఉండిపోయింది. ఫోను తీసి అన్న చేతిలో పెట్టింది.

"ముందు ఇలా ఒకటి తియ్యి. తర్వాత బూట్లేసుకుంటాను, అప్పుడొకటి. బూటు కోసి లోపల బెండు కనబడేలా ఇంకొకటి. మొహం కూడా రానీ. మొహం లేకపోతే ఎవరూ నమ్మరు."

"వద్దే. అందరూ చూస్తారు."

"అందుకేగా పెట్టేది."

మేస్త్రికి కళ్ళు మసకబారాయి. ఈ ఒరుగు ఎవరి కంటా పడకూడదనే అతను బతుకంతా ఈ పనిలో పెట్టాడు. ఇప్పుడు దాన్నే లోకానికి చూపించి కొట్టు నిలబెట్టుకోవాలి. తన మీద తనకే అసహ్యం వేసింది. మొదటి ఫొటో చెదిరిపోయింది. "త్వరగా తియ్యి, నాకు ఆఫీసు టైమవుతోంది" అని ఆమె కసురుకుంటే రెండోది తీశాడు. మిగతా ఫొటోలూ అయ్యాక, వాటి కింద ఎడమ కాలు రెండంగుళాలు పొట్టి అని ఆమె తన చేత్తోనే టైపు చేసి వెబ్‌సైట్‌లో పెట్టింది.

శుక్రవారం సాయంత్రం ఆమె కొట్టుకి వచ్చి బల్ల మీద కూలబడింది. మేస్త్రి అడగకుండానే చెప్పింది.

"మా ప్యూను కుర్చీ తెచ్చాడన్నయ్యా. పదకొండేళ్ళు ఆ కౌంటరు దగ్గర అందరితో పాటు నిలబడే పనిచేశాను. ఇవాళ పొద్దున్న నేను వెళ్ళేసరికి అక్కడ కుర్చీ ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. అందరూ ఎంత మంచిగా మాట్లాడారో! ఫైలు నేను లేచి తెచ్చుకుంటానంటే తేనివ్వలేదు."

చెప్పి వెక్కివెక్కి ఏడ్చింది. బళ్ళో పిల్లలు నవ్విన రోజుల్లో కూడా అంత ఏడవలేదు. మేస్త్రి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఆ ఫొటోలు తీసెయ్యవే. ఇప్పుడే తీసెయ్. కొట్టు పోతే పోయింది. గోదాములో మూటలు మోసుకుని బతుకుతాను."

"తీసేస్తే వాళ్ళు మర్చిపోతారా?" అందామె ముక్కు తుడుచుకుంటూ.

అప్పుడు ఫోను మోగింది. పొద్దుటి నుంచి అది ఐదోసారి. మొదటి నలుగురూ ఏమీ మాట్లాడకుండా పెట్టేశారు. మేస్త్రి ఎత్తి హలో అన్నాడు. అవతల ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు. అతను పెట్టేయకుండా ఓపిక పట్టాడు.

"మీ పక్కన ఎవరైనా ఉన్నారా?" అంది చివరికి ఒక ఆడగొంతు, గుసగుసగా.

"మా చెల్లెలు ఉందమ్మా."

"ఆ ఫొటోలో ఆవిడేనా? నిజంగా ఉన్నారా? ఊరికే పెట్టిన బొమ్మ అనుకున్నాను." అవతల తలుపేసిన చప్పుడు వినబడింది. "నాకు ముప్ఫై ఆరేళ్ళండీ. నాలాంటివాళ్ళని ఇంతవరకూ ఎక్కడా చూడలేదు. సోమవారం వస్తాను, బూట్ల కోసం. ముందు ఒక్కసారి ఆవిడతో మాట్లాడొచ్చా?"

మేస్త్రి ఫోను చెల్లెలికి అందించాడు. ఆమె వద్దని తల అడ్డంగా ఊపింది. అతను చెయ్యి వెనక్కి తీయలేదు. కాసేపటికి ఆమె కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుని, గొంతు సవరించుకుని ఫోను అందుకుంది.

"చెప్పండి" అంది. "నాది రెండంగుళాలు. మీది ఎంత?"