ధనమ్మగారి పొడుగు చేతుల జాకెట్టు

రోళ్ళు పగిలే రోహిణీ కార్తెలో కూడా గూడూరు దగ్గర ఆ ఊళ్ళో సంఘం ఆడవాళ్ళందరూ మణికట్టు దాకా చేతులున్న జాకెట్లే తొడుక్కునేవాళ్ళు. అలా తొడుక్కోమని ఏ పాస్టరుగారూ చెప్పలేదు. ఇంటింటికీ తిరిగి వాక్యం చదివి వినిపించే ధనమ్మగారు తొడుక్కుంటుంది, అంతే. అంత భక్తిపరురాలే ఒళ్ళు దాచుకుంటుంటే మనం మోచేతులు బయటపెట్టుకు తిరగడమేమిటని ఒకరిని చూసి ఒకరు మొదలుపెట్టారు. దర్జీ జకరయ్య దానికి ‘ధనమ్మ మోస్తరు’ అని పేరు కూడా పెట్టేశాడు. ఇరవై ఏళ్ళుగా పాపం ఆ ఊరి ఆడవాళ్ళు ఎండాకాలమంతా కుడుముల్లా ఉడుకుతూ దేవుణ్ణి స్తుతిస్తున్నారు.

ధనమ్మగారి మనవరాలు దయామణికి మాత్రం ఆ మోస్తరు భక్తి కోసం కాదు. ఆ పిల్ల జబ్బల మీద, భుజం నుంచి మోచేతి దాకా, ఆవగింజలంతేసి పొక్కులు. నొప్పి లేదు, దురద లేదు, చీము లేదు. తడిమితే గరుకు, అంతే. చిన్నప్పుడు బడిలో ఎవరో చూసి ‘కాకరకాయ’ అన్నారు. ఆ పేరు మూడేళ్ళు వదల్లేదు. పన్నెండో ఏట పొడుగు చేతులు తొడిగిన రోజున అది నిజంగానే దేవుడికి స్తోత్రం చెప్పుకుంది.

ఇప్పుడు ఆ జాకెట్టు విప్పాల్సి వచ్చింది. ఎస్సెల్సీ పాసయిన దయామణికి బందరు ఆసుపత్రి నుంచి నర్సు ట్రెయినింగుకి ఉత్తరం వచ్చింది. ఏడేళ్ళప్పుడు టైఫాయిడుతో అక్కడ పడుకున్నప్పటి నుంచీ దానికి అదొక్కటే కోరిక. కాని ఉత్తరం అడుగున రెండు ముక్కలున్నాయి: చేరేముందు వైద్య పరీక్ష ఉంటుంది. అంటు చర్మవ్యాధులు ఉన్నవాళ్ళను చేర్చుకోరు.

“పరీక్షకి ఇంకా పది రోజులుందిగా! ఈలోగా నున్నగా చేసేస్తాను చూడు,” అంది ధనమ్మ.

కొరమీనుని బూడిదేసి రాతి మీద తోమి తెల్లగా తళతళలాడించడంలో ధనమ్మగారిని మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. గరుకు గరుకుతోనే పోవాలన్నది ఆవిడ సిద్ధాంతం. ఊక బూడిద, కళ్ళుప్పు, కొబ్బరిపీచు తెచ్చుకుని రోజూ పొద్దున్నే మనవరాలి జబ్బలు పట్టింది.

“మామ్మా, మంట!”

“మంట పుడితేనే మందు పట్టినట్టు. కదలకే.”

కొరమీనుకైతే ప్రాణం ఉండదు కాబట్టి ఊరుకుంటుంది. దయామణి చేతులు ఊరుకోలేదు. పది రోజులు తిరిగేసరికి పొక్కులు అలాగే ఉన్నాయి. చర్మం మాత్రం పండుమిరపకాయల్లే ఎర్రబడి, అక్కడక్కడా చెక్కులు లేచింది.

సోమవారం బస్సెక్కారు. పన్ను పీకించుకోవాలని పక్కింటి వెంకాయమ్మ కూడా బయల్దేరింది. వెంకాయమ్మ చూసిందంటే ఊరు చూసినట్టే. పొద్దున్న విన్న మాట మధ్యాహ్నానికల్లా చెరువు అవతలి గట్టుకి చేరవేస్తుంది.

వెంకాయమ్మ పన్ను ముందే ఊడింది. నోటినిండా దూది పెట్టుకుని వరండా బల్ల మీద ధనమ్మగారి పక్కన కూలబడింది. లోపల, తలుపు తీసున్న గదిలో, డాక్టరమ్మగారు దయామణి చెయ్యి పట్టుకుని చూస్తూ మొహం చిట్లించారు.

“ఇదేమిటమ్మా? గజ్జా?”

“కాదండీ. చిన్నప్పటి నుంచీ ఉన్నాయండీ. దురద కూడా ఉండదండీ.”

“మరి ఈ ఎరుపేమిటి? పుట్టుకతో వచ్చే గరుకు చర్మంలాగే ఉంది గాని, ఈ ఎరుపులో తేల్చి చెప్పలేకపోతున్నాను. అలాంటిదైతే చాలామటుకు ఇంట్లో ఇంకొకరికి ఉంటుంది. మీవాళ్ళలో ఎవరికైనా ఉందా?”

“లేదండీ,” అంది దయామణి. తనకి తెలిసినంతలో అది నిజమే.

“అలాగైతే వచ్చే ఏడాది చూద్దాం. చంటిపిల్లల వార్డులో చెయ్యి పెట్టాల్సినదానివి. అనుమానం మీద ఎలా సంతకం పెట్టను?”

దయామణికి కళ్ళనీళ్ళు ఆగలేదు. ఏడాది! ఈలోగా తనకి పెళ్ళి చేసేస్తారు. మళ్ళీ ఈ గడప తొక్కనిచ్చేదెవరు?

వరండాలో ధనమ్మ ఒక్కసారి వెంకాయమ్మ వైపు చూసింది. బైబిలు సంచీ ఆమె ఒళ్ళో పెట్టి లేచి నిలబడింది. గదిలోకి వచ్చి మణికట్టు దగ్గర హుక్కులు విప్పింది. జకరయ్య బిగుతుగా కుట్టిన చెయ్యి మోచెయ్యి దాటి పైకి రాలేదు.

“కత్తెరుందా అమ్మా?”

డాక్టరమ్మగారు తెల్లబోయి కత్తెర అందించారు. ధనమ్మ తన జాకెట్టు చేతిని మణికట్టు నుంచి భుజం దాకా పర్రున కత్తిరించేసింది.

ముడతలు పడ్డ ఆ జబ్బ మీద, వయసుకి పలచబడి, అవే ఆవగింజలు.

పద్దెనిమిదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నా మామ్మ జబ్బని దయామణి ఏనాడూ చూడలేదు. కోడి కుయ్యకముందే ఆవిడ స్నానం ఎందుకయ్యేదో ఇప్పుడర్థమైంది. మనసు చివుక్కుమంది.

“నాకూ మా అమ్మ బూడిదే రుద్దిందమ్మా,” అంది ధనమ్మ తలొంచుకుని. “ఆ ఎరుపు నేను చేసిన నిర్వాకం. పిల్ల తప్పేం లేదు.”

డాక్టరమ్మగారు రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసి హాయిగా నవ్వేశారు. “ఇది జబ్బే కాదు మామ్మగారూ! చర్మం తీరు. ఎవరికీ అంటదు. పూర్తిగా పోదు, వయసుతో తగ్గుతుంది. తోమడం మాత్రం ఈ క్షణం నుంచి మానెయ్యండి. గోరువెచ్చటి నీళ్ళు పోసుకుని, మెత్తటి గుడ్డతో అద్ది, తడి ఆరకముందే కొబ్బరినూనె రాయండి. వారానికి ఆ ఎరుపు తగ్గుతుంది. అప్పుడు సంతకం పెడతాను.”

గుమ్మంలో వెంకాయమ్మ బైబిలు సంచీ పట్టుకుని కళ్ళప్పగించి నిలబడింది. నోట్లో దూది లేకపోతే ఆసుపత్రి పైకప్పు లేచిపోయేది. బస్సులో దారి పొడుగునా ఆమె పడిన బాధ పన్ను బాధ కాదు.

“దూది తీసేలోగా నేనే చెప్పెయ్యాలే,” అంది ధనమ్మ మనవరాలితో.

ఆ సాయంత్రమే స్త్రీల కూటంలో సాక్ష్యం చెప్పడానికి లేచింది. “నేను చేతులు కప్పుకున్నది దేవుడి కోసం కాదమ్మా. పొక్కులు కనబడకుండా. మీరు భక్తి అనుకున్నారు, నాకు బాగుందని ఊరుకున్నాను. అదీ అబద్ధమే. క్షమించండి.”

ఆడవాళ్ళందరూ ఎవరి మణికట్టు వాళ్ళు చూసుకున్నారు.

“ఇరవై ఎండాకాలాలు ధనమ్మక్కా!” అని లేచింది వెంకాయమ్మ, వాచిన బుగ్గతోనే. “ఇరవై ఎండాకాలాలు ఉడికిపోయాను! నీవి పుట్టుకతో వచ్చిన పొక్కులు. నావి నీవల్ల వచ్చిన చెమటపొక్కులు!”

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తరవాత ఆ కూటంలో ప్రార్థన ముగించడానికి ఎవరి వల్లా కాలేదు. మర్నాడు జకరయ్య ఇంటి ముందు జాకెట్ల గుట్ట పడింది. కత్తిరించిన ముక్కలతో ఊళ్ళో చంటిపిల్లలందరికీ టోపీలొచ్చాయి.

వారం పాటు ధనమ్మగారే దయామణి జబ్బలకి నూనె రాసింది, వేలి కొసలతో, వెన్న అద్దినట్టు. ఎరుపు పోయింది. పొక్కులు ఎక్కడివక్కడే ఉన్నాయి. డాక్టరమ్మగారు సంతకం పెట్టారు.

చేరే రోజున మామ్మా మనవరాలూ బందరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నారు. ఇద్దరికీ మోచేతి పైదాకానే చేతులు. ధనమ్మ అలవాటు కొద్దీ లేని చేతిని మణికట్టు దగ్గర లాక్కోబోయి ఆగింది. బస్సు ఊరు దాటి వరిచేల మధ్యకి వచ్చేసరికి గాలి విసురుగా తగిలింది. ఆవిడ ఉలిక్కిపడి చెయ్యి చూసుకుంది. కాసేపు కళ్ళు మూసుకుని కూర్చుంది.

“ఏమే దయా,” అంది మెల్లిగా, “చేతులకి గాలి తగిలితే ఇంత చల్లగా ఉంటుందా?”