రెండు గంటలకోసారి

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. ఎవరో నాకు ఏదో చెప్తారు, అది నాకు అర్థం కాదు, అర్థమైనట్టు తల ఊపేస్తాను, దాని ఫలితం ఇంకొకరు అనుభవిస్తారు. ఆ ఇంకొకరు నా కూతురే అవుతుందని ఇన్నాళ్లూ బెంగపడ్డాను. కూతురు కాదు, ఆన్‌లైన్ కోర్సులో మా గుంపులోని లిఫ్టు బాబాయి. పదకొండు రోజులుగా ఆయన ఫోన్ ఎత్తడం లేదు.

ఆయనకీ నాకూ చుట్టరికం లేదు. ఒకరి ముఖం ఒకరం చూసుకోను కూడా లేదు.

పాపకి ఏడో నెలలో జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో మందుతో పాటు ఒక కాగితం ఇచ్చారు. రెండు వైపులా చీమల బారుల్లా అక్షరాలు. అమ్మకి జబ్బు చేసి, తమ్ముళ్లను చూసుకోవడానికి తొమ్మిదిలోనే బడి మానేసినదాన్ని. అయినా చదవడం వచ్చు. కానీ ఆ కాగితాన్ని మూడుసార్లు చదివితే మూడు రకాలుగా అర్థమైంది. పాపకి ఏమీ కాలేదు, నా భయం మాత్రం వారం దాకా తగ్గలేదు. ఆ నెలలోనే ఫోన్‌లో ఒక ప్రకటన చూశాను. పెద్దవాళ్లకి అర్థమయ్యేలా పాఠాలు తయారు చేయడం నేర్పుతారట. ఆన్‌లైన్‌లో ఎనిమిది వారాలు, డిగ్రీలు అక్కర్లేదు. దాన్ని ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ అంటారట.

మా ఆయన ఆ పేరు విని పడీ పడీ నవ్వాడు.

"నువ్వు పాఠం చెప్తావా? బడికి మధ్యలోనే దండం పెట్టేసినదానివి!"

"చెప్పను. చెప్పేవాళ్లు ఎలా చెప్పాలో రాసిస్తాను."

"అంటే మాస్టార్లకే మాస్టారివన్నమాట. కానియ్. ముందు నీ స్టూడెంటు నోట్లోంచి ఆ చెప్పు లాగు."

ఆ కోర్సులో ఎవరూ ఒంటరిగా ఏదీ చేయకూడదు. ముగ్గురేసి గుంపుగా ఒకే ఫైలులో ఒక పాఠం తయారు చేయాలి. ఒకరు ఏ ముక్క రాసినా మిగతా ఇద్దరి ఫోన్లలోనూ అప్పటికప్పుడే కనపడుతుంది. అంచున కామెంట్లు పెట్టుకోవచ్చు. సొంత పేరు బదులు ఏ పేరైనా పెట్టుకోవచ్చు. మా గుంపులో రిటైరైన నర్సు ఒకావిడ, 'లిఫ్టు మేస్త్రీ' అని పెట్టుకున్న ఒకాయన, నేను. ఆవిడని అక్కా అన్నాను, ఆయన్ని బాబాయ్ అన్నాను. మొదటి రోజు ముగ్గురం ఫోన్‌లో మాట్లాడుకుంటుంటే పాప రాగం అందుకుంది.

"ఎవరమ్మా ఆ నాలుగో మెంబరు? మనందరికంటే గట్టిగా అభిప్రాయం చెప్తున్నారు," అన్నాడు బాబాయి.

పాఠం దేని మీదో నర్సక్క చెప్పింది. మంచాన పడ్డ మనిషిని ఇంట్లో చూసుకోవడం. రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే ఒళ్లు ఒరుసుకుని పుండ్లు పడతాయి. ఎలా తిప్పాలో నాలుగు మెట్లలో చెప్పాలి.

రాయడానికి ముందు, ఈ పాఠం నేర్చుకోబోయే మనిషిని ఊహించుకోమన్నారు కోర్సులో. కల్పించిన మనిషే అయినా వయసు, ఇల్లు, అలవాట్లు, భయాలు అన్నీ ఉండాలి. ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నట్టు రాయాలి.

"అది నాకు వదిలేయండి," అన్నాడు బాబాయి.

ఆ మధ్యాహ్నమే పేజీ నింపేశాడు. యాభై ఆరేళ్లు. వెల్డింగు పని. భార్యకి పక్షవాతం వచ్చి ఐదు నెలలు. పిల్లల్లేరు, ఇంట్లో ఇద్దరే. ఇతనికి వంట వచ్చు, జడ వేయడం రాదు, ఇప్పుడు నేర్చుకుంటున్నాడు. ఆవిడకి కోపమొస్తే ఎడమ కనుబొమ్మ ఒక్కటే లేపుతుంది. నోట మాట పోయాక ఆ కనుబొమ్మతోనే తిడుతుంది.

"మేస్త్రీ గారూ, మీరు లిఫ్టుల్లో ఇరుక్కుపోయారు గానీ కథలు రాయాల్సిన మనిషండీ," అంది నర్సక్క.

"ఏదో లెండి. ఖాళీగా ఉన్నాను కదా."

పని రోజున లిఫ్టు మేస్త్రీ ఎందుకు ఖాళీగా ఉన్నాడని మేమిద్దరం అడగలేదు.

అప్పటినుంచి ఆ మనిషి మాకు వెల్డింగాయన. ప్రతి వాక్యానికీ అదే ప్రశ్న, ఇది వెల్డింగాయనకి అర్థమవుతుందా? బాబాయి కామెంట్ల మీద కామెంట్లు పెట్టేవాడు. "భుజం కింద చెయ్యి పెట్టేముందు అరచేతులు రుద్దుకోమనండి. చల్లటి చెయ్యి తగిలితే ఉలిక్కిపడుతుంది." ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో తనకి ఇది తట్టలేదని నర్సక్క ఆశ్చర్యపోయింది. "తిప్పేముందు ఒక మాట చెప్పమనండి. లిఫ్టు కదిలేముందు కూడా గంట మోగుతుంది కదా." దాన్ని రెండో మెట్టులో పెట్టాం.

ఫైలు శుభ్రం చేయడం నా పని. కామెంటు చదవాలి, అవసరమైతే పాఠం దిద్దాలి, పక్కనున్న టిక్కు నొక్కాలి. నొక్కగానే కామెంటు అంచులోంచి మాయమవుతుంది. కోర్సులో చెప్పిన సూత్రం ఒకటి నా మనసులో నాటుకుపోయింది. ముందు లక్ష్యం రాసుకోండి, లక్ష్యానికి పనికిరానిది ఎంత బాగున్నా తీసేయండి. మా లక్ష్యం ఒక్క వాక్యం. "ఈ పాఠం పూర్తయ్యాక, నేర్చుకున్నవారు రోగిని నొప్పి తెలియకుండా పక్కకి తిప్పగలరు." పుట్టి బుద్ధెరిగాక ఏది ముఖ్యమో, ఏది కాదో ఎప్పుడూ ఇతరులే నాకు చెప్పారు. ఈసారి ఆ అధికారం నా చేతికొచ్చింది. ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

ఆరో వారంలో బాబాయి రాశాడు: "రెండు గంటలకోసారి తిప్పుతుంటే వెల్డింగాయన ఎప్పుడు పడుకుంటాడు?"

"మంచి ప్రశ్న బాబాయ్, కానీ లక్ష్యంలో లేదు," అని రాసి టిక్కు నొక్కాను.

"ఇతనికి ఫోన్ చేసేవాళ్లు లేరు. ఆ సంగతి ఏ మెట్టులో వస్తుంది?"

ఏ మెట్టులోనూ రాదు. టిక్కు.

ఏడో వారం, శుక్రవారం. ఒక చంకలో పాప, రెండో చేతిలో ఫోన్, పొయ్యి మీద పాలు. కొత్త కామెంటు కనపడింది. "ఆవిడే లేకపోతే ఇతను నాలుగో మెట్టు దాకా ఎందుకు రావాలి?"

బాబాయి పాత్రలో మరీ లీనమైపోతున్నాడనుకున్నాను. మర్నాడే పాఠం అప్పగించాలి. ఫోన్ చేశాను.

"బాబాయ్, మరీ ఏడిపించేస్తున్నారు. వెల్డింగాయన్ని కాస్త నవ్వించండి."

అటునుంచి దగ్గు వినపడింది.

"ఎక్కువైందా అమ్మాయ్?"

"లక్ష్యం దాటిపోతున్నాం బాబాయ్. మార్కులు కోస్తారు."

"అవునవును. లక్ష్యం." ముక్కుతో నవ్వాడు. "తీసెయ్ తల్లీ. మా హెడ్‌మాస్టారివి నువ్వే కదా."

తీసేశాను. పాలు పొంగిపోయాయి, అందుకు పాపని విసుక్కున్నాను కూడా.

శనివారం పాఠం అప్పగించి బాబాయికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. పని మీద ఉన్నాడేమో అనుకున్నాను. బుధవారం మార్కులొచ్చాయి. అన్ని గుంపుల్లోకీ మాదే మొదటిది. "మీరు ఊహించిన విద్యార్థి అచ్చం నిజమైన మనిషిలా ఉన్నాడు" అని రాశారు దిద్దినవాళ్లు. ఆ మాట చెబుదామని చేస్తే ఫోన్ స్విచ్ఛాఫ్.

ఎనిమిదో వారంలో ఒక్కటే పని. ఫైలు చరిత్ర తెరిచి, పాఠం ఎలా మారుతూ వచ్చిందో చూసి, ఏం నేర్చుకున్నామో రాయాలి. ఆ చరిత్రలో ఎవరు ఏ ముక్క ఎన్ని గంటలకి రాశారో అంతా ఉంటుంది. బాబాయి వరస చూశాను. పది దాటి ఐదు నిమిషాలు. పన్నెండు దాటి ఆరు. రెండు దాటి ఐదు. నాలుగు దాటి ఏడు. మర్నాడూ అంతే, ఆ పై వారమూ అంతే. నా ఫోన్‌లోనే ఏదో తేడా ఉందనుకుని నర్సక్కని అడిగాను.

ఆవిడ తన ఫోన్‌లో ఆ వేళలన్నీ ఒక్కొక్కటిగా చూసింది.

"ఫోన్ తప్పు కాదు పిల్లా. భార్యని తిప్పి, చేతులు కడుక్కుని, వచ్చి కూర్చుని రాశాడు."

"అంటే వెల్డింగాయన..."

"ఊహించి రాసింది ఆ వెల్డింగు పని ఒక్కటే."

చరిత్రని కిందికి జరిపాను. గురువారం మధ్యాహ్నం రెండింటి వరకూ వరస తప్పలేదు. తర్వాత ఇరవై ఐదు గంటలు ఏమీ లేదు. శుక్రవారం మూడూ ఇరవైకి ఆ కామెంటు. ఆ తర్వాత మూడూ ముప్ఫై ఐదుకి ఒక అక్షరం దిద్దాడు, మూడూ నలభైకి ఒక చుక్క పెట్టాడు. రెండు గంటల లెక్క లేదు. తిప్పడానికి మనిషి లేదు. నేను ఫోన్ చేసింది నాలుగింటికి. భార్య పోయిన మర్నాడు, ఒట్టి మంచం ఉన్న ఇంట్లో కూర్చున్న మనిషితో నేను మార్కుల గురించి మాట్లాడాను.

కోర్సు ఆఫీసుకి ఫోన్ చేసి బతిమాలితే, చిరునామాలు ఇవ్వడానికి వీల్లేదమ్మా, నిబంధన అన్నారు. తమ తరఫున ఆయనకి మెయిలు పంపారట, జవాబు రాలేదు. నర్సక్క తనకి తెలిసిన ఆసుపత్రులన్నీ వాకబు చేసింది.

"పేరు తెలీదు, ఊరు తెలీదు, ఉన్న ఒక్క నంబరూ స్విచ్ఛాఫ్. గొంతు పట్టుకుని మనిషిని వెతకమంటావా?" అన్నాడు మా ఆయన. అన్నాడే గానీ మూడు రోజులుగా పని దిగాక లిఫ్టు కంపెనీల గడపలు ఎక్కి దిగుతున్నాడు. నిన్న వచ్చి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూలబడ్డాడు. "ఊరికే నిన్ను నువ్వు తినేయకు. నీకేం తెలుసని?" అన్నాడు.

తెలియదు. ఆయన మాత్రం అన్నీ రాశాడు. అచ్చ తెలుగులో, చిన్న చిన్న వాక్యాల్లో, నాలాంటిదానికి కూడా అర్థమయ్యేలా రాశాడు. నేను టిక్కు నొక్కాను.

నొక్కినవన్నీ మళ్లీ తెరిచాను. ఎప్పుడు పడుకుంటాడు అన్న దాని కింద, "మేం వచ్చి కూర్చుంటాం బాబాయ్, మీరు పడుకోండి" అని రాశాను. ఫోన్ చేసేవాళ్లు లేరు అన్న దాని కింద నా నంబరు మళ్లీ రాశాను. నాలుగో మెట్టు సంగతి అడిగిన దాని కింద ఏం రాయాలో తెలియక, మన నాలుగో మెంబరు ఎదురుచూస్తోందని పాప పేరు రాశాను. ఆయన ఇంకా చూడలేదు.

మీ వీధిలోనో, మీ మేడ మీదో లిఫ్టులు బాగుచేసే పెద్దాయన ఒకరు ఉండొచ్చు. కాస్త బొంగురు గొంతు, మాట చివర దగ్గుతాడు. భార్య ఈ మధ్యే పోయి ఉంటుంది. తలుపు వేసే ఉంటే దయచేసి కొట్టండి, తీసేదాకా కొట్టండి. బాగున్నారా అని మాత్రం అడగకండి, బాగున్నానంటాడు. లోపలికి వెళ్లి, ఆయన ఏం చెప్తే అది చివరిదాకా వినండి.