తోటల్ల పోసిన పాలు

పారిస్‌ల అందరు చూసే ఇనుప గోపురాన్ని నేను కారు అద్దంల నుంచే చూసిన. నేను కూసున్నది, తిరిగింది తోటలల్లనే. గజాలా మేడం, షరీఫ్ సార్ రాజుల మహళ్లు చూడబోయినప్పుడల్ల నన్ను, పిల్లగాన్ని టికెట్ లేని జాగల కూసోబెట్టి పోయేటోళ్లు. టికెట్ లేని జాగ అంటే తోట.

పిల్లగాడు నవీద్, మేడం కొడుకు. ఏడు నెలలోడు. నల్లగొండల వాళ్లింట్ల వాన్ని చూసుకునుడే నా పని. మా ఆయన వెంకటేశ్ వాళ్ల కారు నడుపుతడు. మా బిడ్డ చిట్టికి అప్పటికి ఏడాది నిండలే. దాన్ని కేతేపల్లిల మా అత్తమ్మ అండాలు దగ్గర ఇడిచిపెట్టి నేను విమానం ఎక్కిన.

"మూడు వారాలు యూరప్ పోతున్నం. సుహాసినీ, నువ్వు లేకుంటే వీడు ఉండడు" అని మేడం అన్ననాడు నాకు అన్నం దిగలే. వెంకటేశ్‌కు మాత్రం పండుగే అయ్యింది.

"చిట్టి ఇంక పాలు తాగుతాంది గదయ్యా."

"అమ్మ మాన్పిస్తదిలే. మేడం మాట కాదంటే నా స్టీరింగ్ పోతది. అయినా విమానం ఎక్కుమంటే ఏడ్చేదాన్ని నిన్నే చూసిన."

అత్తమ్మ మాన్పించింది. వేపాకు నూరి, ఆ పసరు తనే నా రొమ్ములకు పూసింది. చిట్టి ఆత్రంగ నోరు పెట్టి, మొఖం ముడుచుకొని, నా దిక్కు చూసింది. ఆ చూపుల కోపం లేదు. నువ్వేనా అని అడిగినట్టున్నది. మల్ల పట్టింది, మల్ల ఉమ్మింది.

"థూ అను బిడ్డా, చేదు! అమ్మ పాలు కాకెత్కపోయింది" అనుకుంట అత్తమ్మ చప్పట్లు కొట్టింది. చిట్టి ఏడ్పు ఆపి అత్తమ్మ చేతుల దిక్కు చూసింది.

అత్తమ్మకు చెప్పని ఆశ ఒకటి నాకున్నది. పిండుకుంట ఉంటే పాలు ఎండిపోవని మా తల్లిగారూరు పానగల్ల పక్కింటి గుర్వమ్మ చెప్పింది. మూడు వారాలు ఎట్లన్న కాపాడుకుంటే, తిరిగొచ్చి బిడ్డను ఒళ్లె వేసుకుంటే అదే రొమ్ము పడ్తదనుకున్న. పసరు కడుక్కుంటే పోయేదే గద అనుకున్న.

పిండిన పాలను మా దిక్కు మోరీల పోయరు. కాలికింద పడితే పాలు మళ్లిపోతయంటరు. చెట్టు మొదట్ల పోయాలె. హోటల్ రూమ్‌ల తెల్లగ మెరిసే బేసిన్ల పోసుడంటే నాకు మనసు ఒప్పకపోయేది. అందుకే సంచిల స్టీలు గ్లాసు పెట్టుకొని, తోట ఎప్పుడొస్తదా అని ఎదురుచూసేదాన్ని. "దీనికి తోటలంటే మస్తు ఇష్టం ఉన్నట్టుంది" అని సార్ నవ్వేటోడు.

పారిస్ తోటల చెట్లను సబ్బుబిళ్ల లెక్క చదరంగ కోసిన్రు. ఇనుప కుర్చీలు ఎక్కడివంటే అక్కడికి గుంజుకొని కూసోవచ్చు. నడుమ నీళ్లగుండంల పిల్లలు తెరచాప పడవలను కర్రతోని తోసుకుంట ఉరుకుతున్నరు. ఒక తల్లి బెంచీ మీద అందరి ముందల పిల్లకు పాలిస్తాంది, పుస్తకం గూడ చదువుతాంది. నేను శాలువ కప్పుకొని, గ్లాసు లోపల పెట్టుకొని దొంగ లెక్క పిండుకున్న. చెట్టు మొదట్లకు పోవాలంటే గడ్డి దాటాలె. రెండడుగులు వేసిన్నో లేదో ఎవరో విజిల్ ఊదిన్రు. యూనిఫాం తొడుక్కున్నాయన చెయ్యి ఊపుకుంట వస్తున్నడు. నవీద్ సాక్సు కింద పడితే తీసినట్టు వంగి, గ్లాసు వంచి, ఎనకకు వచ్చిన.

ఆమ్‌స్టర్‌డాంకు పోయేసరికి గ్లాసు అడుగు గూడ నిండుతలేదు. ఆడ రోజూ వాన. కాలువ ఒడ్డున చిన్న తోటల చెట్టు కింద నిలబడి పిండుకుంటే, గ్లాసుల పాలకంటే వాన నీళ్లే ఎక్కువ పడ్డయి. బిడ్డ కోసం మోసుకపోవాల్సిన ఒక్క వస్తువు, అది గూడ నా చేతుల్లకెళ్లి జారిపోతాంది.

అత్తమ్మకు వీడియో కాల్ చేసిన.

"ఫోన్ చెయ్యకంటి గద. నిన్ను చూస్తే పిల్ల ఆగమైతాంది."

"తింటాందా అత్తమ్మా? బక్కగయిందా?"

"ఏం బక్క? పప్పన్నం మెక్కుతాంది. నా కొంగు పట్టుకొని పండుకుంటాంది. నువ్వు తోటలల్ల తిరుగు తల్లీ, గీడ నీ ఫికర్ లేకనే నడుస్తాంది."

ఎనకాల చిట్టి నవ్వు వినబడ్డది. ఫోన్ దాని దిక్కు తిప్పమని అడుగుతనే ఉన్న, కట్ అయ్యింది.

వియన్నాల చలికి నవీద్ తుమ్ముతున్నడని మేడం మమ్మల్ని టికెట్ కొని మరీ ఒక అద్దాల ఇంట్లకు పంపింది. వేడి దేశాల మొక్కలన్ని అండ్ల పెంచుతరంట. తలుపు తీసిన్నో లేదో ఎండకాలం వాన కొట్టి ఆగినంక లేచే ఆవిరి మొఖానికి కొట్టింది. అరటి చెట్లున్నయి. చింత మొక్క ఉన్నది. ప్రతిదానికి పేరు పలక. ఎనిమిదో తరగతిల బడి బంజేసిన నేను అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివిన. ఒక కుండీ దగ్గర ఆఖరు మాట "ఇండికా" అని వచ్చింది. మా ఆయన మొదట్ల కిరాయికి నడిపిన కారు అదే గదా అని నవ్వొచ్చింది. తలెత్తి చూస్తే వేపచెట్టు.

మనిషెత్తు లేదు. దానికి వేడి, దానికి నీళ్లు, దానికి కావలి. మా ఇంటి ముందల ఎవరు నీళ్లు పోయకున్న పెరిగేదాన్ని ఇంత ముద్దుగ సాదుతున్నరు. ఒక ఆకు తెంపి నలిపి వాసన చూసిన. చిట్టి నోరు, ఆ ముడుచుకున్న మొఖం, ఆ చూపు ఒక్కసారే కండ్లల్ల తిరిగి రైక తడిసిపోయింది. అన్ని రోజులు పిండినా రాని పాలు.

సీసల పాలు అయిపోయి నవీద్ అప్పటికే గుక్కపట్టిండు. ముక్కుతోని నా రైకను రాస్తున్నడు. అరటాకుల చాటుకు పోయి కూసున్న. వాడు పట్టిండు. వానికి చేదు తెల్వదు.

అటెన్క ఏ ఊరికి పోయినా తోటల మూలకు పోయి వానికి ఇచ్చిన. పాలు మల్ల పొంగినయ్. గ్లాసు అక్కర లేకపోయింది. మేడం అడగకుండ ఆమె కొడుక్కు ఇస్తున్ననని భయం, నా బిడ్డ వంతు వేరేటోనికి పోతాందని దుఃఖం. అయినా వాడు తాగితెనే నా బిడ్డకు మిగులుతయ్.

ఆఖరు దినం గులాబీల తోటల మేడం తొందరగ తిరిగొచ్చింది. చూసింది.

"సుహాసినీ! ఏం చేస్తున్నవ్ నువ్వు?"

కొంగు కప్పుకున్న. నవీద్ ఇడుస్తలేడు.

"ఎన్ని దినాలకెళ్లి?"

"వియన్నాకెళ్లి మేడం. తప్పయింది. నా బిడ్డ కోసం ఎండనియ్యొద్దని..."

ఆమె బెంచీ మీద కూలబడ్డది.

"నాకు పాలే పడలే, తెలుసు గద నీకు" అన్నది. "మా మతంల పాలు తాపినామె గూడ తల్లి లెక్కనే. ఇగ నీ బిడ్డ వీనికి అక్క. రేపు పెద్దగైనంక వీళ్లకు నిఖా చేస్తమంటే చెల్లదు చూడు" అని నవ్వబోయి కండ్లు తుడుచుకున్నది. తిట్టలే. తిడితెనే మంచిగుండు.

కేతేపల్లిల దిగంగనే బోరింగు కాడికి ఉరికి, సబ్బుతోని రుద్ది రుద్ది కడుక్కున్న. చిట్టి కడప మీద నిలబడి ఉన్నది. నేను పోయేటప్పుడు పాకేది. నన్ను చూసి అత్తమ్మ కాళ్ల ఎనకకు పోయింది. తెచ్చిన బొమ్మ చూపిస్తే వచ్చింది. ఒళ్లె కూసోబెట్టుకొని, మెల్లగ రైక ముడి ఇప్పిన.

చూసింది. మొఖం ముడువలే, ఏడ్వలే. "థూ" అన్నది. రెండు చేతులు చప్పట్లు కొట్టింది. కొట్టి, మెచ్చుకుంటదేమో అని అత్తమ్మ దిక్కు తిరిగి నవ్వింది.

"హుషారు పిల్ల, నేర్పింది మరువలే" అని అత్తమ్మ గూడ నవ్వింది. నా తడిసిన రైక చూసి నవ్వు ఆపింది. "ఇంక ఉన్నయా నీకు? ఏం పిల్లవే, చెప్పొద్దా?"

చెప్తే ఏం చేసేదో నాకు తెల్వదు, ఆమెకు తెల్వదు.

వారం దినాలు చూసిన. నిద్రల పెట్టబోతే తుళ్లిపడి లేచి అత్తమ్మ కోసం ఏడ్చింది. పప్పుల నా పాలు కలిపి చూసిన, ఉమ్మింది. నేను ఎత్తుకుంటెనే నా ఎద మీద చెయ్యి అడ్డం పెట్టి దూరం జరుగుతాంది. రొమ్ములు గడ్డకట్టి జ్వరం వచ్చినట్టయింది.

వెంకటేశ్ కారు తీస్కొని వచ్చిండు.

"మేడం రమ్మంటాంది. నవీద్ సీస పడ్తలేడంట, నీ కోసమే చూస్తున్నడంట. పా, పోదాం."

ఒక నోరు నా కోసం ఏడుస్తాంది. అది నా బిడ్డది కాదు. పోయి వానికిస్తే పాలుంటయ్, గని నేను ఆడ ఉంట, అత్తమ్మను ఇడువని చిట్టి ఈడ ఉంటది. పోకుంటే మా ఆయన స్టీరింగ్ పోతది. ఎటు పోయినా చిట్టి నా దిక్కు రాదు.

"పోదాం గని, ముందుగాల మల్లెపూలు తేపో" అన్న.

"మల్లెపూలా?" ఆయన మొఖం వెలిగింది. వచ్చినకాడికెళ్లి నేను మంచిగ మాట్లాడిందే లేదు. నకిరేకల్ దాక పోయి రెండు మూరలు తెచ్చిండు, నీళ్లు చల్లి, ఆకుల చుట్టి. "తలల పెట్టుకో, ఫోటో తీస్త" అన్నడు.

అత్తమ్మకు తెలుసు. పాత చీర పేలిక చింపి ఇచ్చింది. లోపలికి పోయి మల్లెపూలు రొమ్ములకు పరిచి, ఊపిరి ఆడకుండ బిగించి కట్టుకున్న. గట్ల కడితే పాలు ఇగిరిపోతయ్.

కట్టుకుంటాంటె కొన్ని పూలు కింద రాలినయ్. చిట్టి తలుపు సందుకెళ్లి తొంగి చూసి, లోపలికొచ్చి, ఒక పువ్వు ఏరుకున్నది. నా ఎద దిక్కు చూసింది. పువ్వు పట్టుకొని నాయనమ్మ కాడికి ఉరికింది.