పెరట్లో పొగమంచు

ఫోను మోగినప్పుడు ఆమె చేతుల నిండా సబ్బు నురగ. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని వింది.

"వెనక వాటా ఖాళీ అయిందమ్మా," అంది దర్జీ ఆవిడ అవతల్నుంచి, కుట్టుమిషను ఆపకుండానే. "మీకే ఇద్దామని ఉంది. కానీ ఇద్దరూ కలిసి రావాలి. మొగుడూ పెళ్ళాల్ని పక్కపక్కన చూస్తే గానీ నేను తాళం ఇవ్వను. ఐదింటికి ఇంకెవరో చూడ్డానికి వస్తామన్నారు. ఆలోపు వస్తే మీదే."

రెండు గదులు, బుల్లి వంటిల్లు, వెనక కాస్త జాగా. అన్నిటినీ మించి, లోపల్నుంచి గడియ పడే తలుపు! పెళ్ళయినప్పట్నుంచీ అత్తగారింటి హాల్లో, తాడు మీద అడ్డంగా వేసిన నీలం దుప్పటి వెనకే వాళ్ళ కాపురం. మావగారు మంచినీళ్ళకి లేచిన ప్రతిసారీ దగ్గి మరీ దుప్పటి దాటేవారు. ఆ దగ్గు వినగానే ఇద్దరూ దిండు కొరుక్కుని నవ్వాపుకునేవాళ్ళు. నవ్వుకోవడం బాగానే ఉంటుంది గానీ, ఎన్నాళ్ళని?

ఇప్పుడు ఉతుకుతున్నదీ ఆ దుప్పటే. దాన్ని బకెట్లో పడేసి, బకెట్‌తో సహా పెరట్లోకి పరిగెత్తింది.

పెరట్లో యుద్ధం జరుగుతోంది.

గడ్డి మీద వేలెడంత ప్లాస్టిక్ సైనికులు బారులు తీరి ఉన్నారు. పూలకుండీలు కొండలు. నీళ్ళ పైపు నది. దానికి అటు మావగారు, ఇటు ఆమె మొగుడు, ఇద్దరూ బోర్లా పడుకుని ఉన్నారు. రోజంతా కళ్ళజోళ్ళ షాపులో జనం చూపు పరీక్షించే మనిషి, ఎదురుగా వచ్చి నిలబడ్డ పెళ్ళాన్ని చూడలేదు. స్ప్రింగు ఫిరంగిలో అగ్గిపుల్ల దూర్చుతున్నాడు. ముక్కు మీద మట్టి. ఆ ముక్కు చూసి ముద్దొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది.

"ఏవండీ, ఇల్లు..."

"రౌతు!" అని అరిచారు మావగారు.

సర్వేయరుగా రిటైరైన మనిషాయన. టేపు పెట్టి కొలవందే ఒక్క బొమ్మని కదలనివ్వరు. ఒకప్పుడు అత్తగారు వంటింటి కిటికీలోంచి కొడుక్కి ఆయన ఎత్తులన్నీ చెప్పేస్తోందని ఆయనే ఒక రూలు పెట్టారు. బయటివాళ్ళు సేనాపతితో మాట్లాడకూడదు. చెప్పేదేదైనా మైదానం చివరనున్న గుర్రపు రౌతుకి చెప్పాలి. రౌతు వంతుకి జానెడు చొప్పున నడిచి సేనాపతిని చేరాకే, ఆ మాట ఆయన విన్నట్టు లెక్క. ఈలోగా సేనాపతి లేచాడా, ఓడినట్టే.

"మావయ్యగారూ, చాలా ముఖ్యమైన విషయం."

"యుద్ధంలో ముఖ్యం కానిదేముంటుందమ్మాయ్? రౌతుకి చెప్పు."

"ఈ ఒక్క ఆట ఆగవూ?" అన్నాడు మొగుడు గుసగుసగా. "పుట్టి బుద్ధెరిగాక నాన్న మీద గెలవబోతున్నది ఇదే మొదటిసారి."

"ఒరేయ్, బయటి మనిషితో మంతనాలా?"

"బయటి మనిషేంటి నాన్నా, నా పెళ్ళాం!"

"అయితే ఇంకా ప్రమాదం."

ఆమె పళ్ళు నూరుకుంటూ చతికిలపడింది. చెవి విరిగిన ప్లాస్టిక్ గుర్రం ముందు వంగి, వీధి చివరికి వినబడేలా చెప్పింది. "రౌతుగారూ! దర్జీ ఆవిడ వాటా ఇస్తానంది. ఐదులోపు ఇద్దరం వెళ్ళాలి. మీ గుర్రానికి కాస్త పుణ్యముంటుంది, త్వరగా కదలండి!"

మొగుడి మొహం వెలిగిపోయింది. సగం లేచాడు. తండ్రి వేలు చూపించగానే మళ్ళీ పడుకున్నాడు. విన్నాడు, కానీ విన్నట్టు లెక్క కాదు! హడావిడిగా వంతులు ఆడేస్తున్నాడు పాపం. మావగారు మాత్రం టేపు తిప్పి తిప్పి కొలుస్తున్నారు. గుర్రం జానెడు నడిచింది. ఇంకో జానెడు నడిచింది. పైపు దగ్గర ఆగిపోయింది.

"నది. ఒక వంతు ఆగాలి," అన్నారు మావగారు.

"నదిలో నీళ్ళేవీ? కుళాయి కట్టేసే ఉందిగా!"

"రూలు రూలే అమ్మాయ్."

గుమ్మంలో అత్తగారు నిట్టూర్చింది. "ఊరుకోవే తల్లీ. ఈ రూలు పెట్టిన కొత్తలో నేనూ ఆ గుర్రానికే చెప్పుకున్నా, పాలు పొంగిపోతున్నాయని. గిన్నె మాడిపోయాక గానీ అది ఈయన్ని చేరలేదు. మొన్న కాకొచ్చి వీడి బాకా ఊదే సైనికుణ్ణి ఎత్తుకుపోతే మాత్రం, పైనుంచి ఏదొచ్చినా చెల్లుతుందన్నారు."

ఆమె కాకి మాట విని తలెత్తింది. ఆకాశంలో కాకి లేదు గానీ, బట్టలారేసే తాడు ఉంది. సరిగ్గా యుద్ధభూమి మీదుగా.

బకెట్ తీసుకుని లేచింది. దుప్పటిని పిండనైనా పిండకుండా తాడు మీద వేసింది. క్లిప్పు పెట్టలేదు. అంచు పట్టుకుని ఒక్క లాగు లాగింది.

తపుక్కుమని రెండు సైన్యాల మీదా పడింది దుప్పటి.

నీలం గుడ్డ కింద కుండీలు గూనివీపుల్లా లేచి ఉన్నాయి.

"అయ్యో, జారింది," అంది ఆమె.

మావగారు నీళ్ళు కారుతున్న మొహం తుడుచుకున్నారు. "పైనుంచే వచ్చిందా?"

"పైనుంచే. నా కళ్ళతో చూశా," అంది అత్తగారు.

"గాలికేనా?"

"గాలికే మావయ్యగారూ."

ఆకు కూడా కదలట్లేదు. ఆయన తాడునీ, దుప్పటినీ, కోడలినీ మార్చి మార్చి చూశారు. మీసం చివర కాస్త వణికింది.

"పొగమంచు," అన్నారు చివరికి. "పొగమంచు కమ్మితే యుద్ధం ఆపాలి. దుప్పటి ఆరేదాకా సేనాపతులు ఎక్కడికైనా పోవచ్చు."

మాట పూర్తయ్యేసరికి కొడుకు చెప్పుల్లో కాళ్ళు దూర్చేశాడు. ఒకటి వాళ్ళ నాన్నది.

దర్జీ ఆవిడ అతని మోకాళ్ళ మట్టి చూసి, మొదటిసారి మిషను ఆపింది. "ఏమిటిది, మీరిద్దరూ కొట్టుకున్నారా?"

"లేదండీ, ఈయనా వాళ్ళ నాన్నా యుద్ధం చేసుకుంటుంటే లాక్కొచ్చాను."

"తండ్రితో యుద్ధమా! అయితే మీకు వేరే వాటా ఉండాల్సిందే," అంటూ తాళంచెవి చేతిలో పెట్టింది.

లోపలికి వెళ్ళి గడియ వేశారు. తీశారు. మళ్ళీ వేశారు. ఎవరూ దగ్గలేదు. అయినా ఎందుకో నవ్వొచ్చింది, ఈసారి దిండు అక్కర్లేకపోయింది.

ఇంటికొచ్చేసరికి మావగారు తడి దుప్పటి పక్కన స్టూలేసుకుని కాపలా కూర్చున్నారు.

"కింద తొంగిచూడలేదురా, ఒట్టు," అన్నారు ముందుగానే. తర్వాత కోడలి చేతిలో తాళంచెవి చూశారు. గొంతు సవరించుకుని, "వెనక జాగా ఎంతుంటుందమ్మాయ్?" అన్నారు.

"దీనికి రెండింతలు ఉంటుంది..." అనేసి నాలిక కరుచుకుంది. అప్పటికే ఆలస్యమైపోయింది. టేపు ఆయన చేతిలోకి వచ్చేసింది.

"అయితే వినండి. రేపు పొద్దున కాఫీలవగానే రెండు సైన్యాలూ మీ వాటాకి తరలుతున్నాయి. నదిని చుట్టి నేను తెస్తా. కొండలు వాడు మోస్తాడు. అమ్మాయ్, నువ్వు మాత్రం ఆ దుప్పటి ఇక్కడే వదిలెయ్."