బూడిదలో ఆరు పూలు

ఆవిరి స్నానాల గది, సౌనా పొయ్యిలో బూడిద ఎత్తుదామని తలుపు తీస్తే, అందులో సగం కాలిన స్వరాల కాగితం ఒకటి దొరికింది. బూడిద ఇంకా గోరువెచ్చగా ఉంది.

మెట్లెక్కి పై గదికి పరుగెత్తాను. బల్ల మీద టీచర్ తన రచనలు దాచే నీలం అట్టలో ఏమీ లేదు. పెన్సిల్ ప్రతులూ లేవు, సిరా ప్రతులూ లేవు.

మధ్యవేసవి రాత్రి మా ఊరి ఆడపిల్లలు దిండు కింద పెట్టుకునే ఏడు పూల మీద ఐలి టీచర్ ఏడు పియానో రచనలు చేసింది. శనివారం చెక్క చర్చిలో నేను వాయించాలి. ఇప్పటిదాకా నా చేతికొచ్చింది మొదటిదొక్కటే, నీలిగంట పువ్వు. ఆమె ఇంతకంటే గొప్పది ఎప్పుడూ రాయలేదు. మిగతా ఆరూ పోతే మళ్ళీ రాయగలదన్న ఆశ లేదు. ఎనభై రెండేళ్ళ మనిషి, పోయిన చలికాలం నుంచి నా పేరు కోసం కూడా తడుముకుంటోంది.

కాగితాలు పోయాయని ఐలి టీచర్‌కి చెప్పాను.

“దొంగకి అవి వాయించడం వస్తే, శనివారం వాణ్ణే పిలు. నీకంటే బాగా వాయిస్తాడేమో” అంది.

ఆ ఇంట్లో సౌనా పొయ్యి వెలిగించేది శనివారాలే. ఇవాళ బుధవారం. నిన్న టీచర్‌ని పట్నంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది నేనే. ఇంట్లో మిగిలింది ఆమె భర్త ఎస్కో ఒక్కడే. నలభై ఏళ్ళుగా ఆమె పెన్సిల్‌తో రాసినదాన్ని సిరాలో ఎత్తి రాసేది అతనే.

పడవల కొట్టంలో వల బాగుచేసుకుంటున్నాడు. కాగితం ముక్క అతని మోకాలి మీద పెట్టాను. అతను దాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎందుకు చేశావని అడిగాను.

“నేనే కాల్చానమ్మాయ్. రెండోది ఎత్తి రాస్తుంటే చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. ఏంటా అని చూస్తే, అది నీలిగంటే. ఒక్క స్వరం తేడా లేదు. మూడోది తీశాను, అదే. ఆరూ అవే. పైన పేర్లే వేరు. ఒక్కోటి నేను ఎత్తి రాయగానే తను కిందికొచ్చి నా చెయ్యి పట్టుకుని, ‘ఎస్కో, ఇలాంటిది ఇంతవరకు రాయలేదు’ అనేది. మొదటిసారి అవునని నిజమే చెప్పాను. తర్వాత ఆరుసార్లు అబద్ధం. నువ్వు వాయిస్తే మూడో పువ్వుకల్లా జనం మొహమొహాలు చూసుకుంటారు. తను ముందు వరసలో కూర్చుని ఉంటుంది. అది నేను చూడలేను. దొంగ ఎత్తుకెళ్ళాడంటే కాసేపు ఏడ్చి మర్చిపోతుందనుకున్నా. అసలు రాసిన సంగతే మర్చిపోయింది. పొద్దున్నే కొత్త కాగితం తీసింది. నీలిగంటే రాస్తోంది. దాన్నీ కాలుస్తాను.”