ఆడచేప పొలుసులు

చేపను తోక దగ్గర పట్టుకుని కత్తి వెన్నుతో తలవైపుకు గీకుతుంటే పొలుసులు చిట్లి ఆమె మోచేతుల మీదా, వంటగట్టు మీదా, ఒకటి కనుబొమ మీదా పడ్డాయి. గురువారం. వారం మధ్యలో ఆ ఇంట్లో చేప వండడం ఎప్పుడూ లేదు. పొద్దున్నే అత్తగారే వెళ్లి ఏరి మరీ తెచ్చింది. "జన చేప అమ్మాయ్, పొట్ట నిండా గుడ్లే, చూడు ఎలా ఉందో. ఇవాళ మంచి పని మీద వెళ్తున్నావు, తిని మరీ వెళ్లు" అంది సంచి అందిస్తూ. మంచి పని అంటే పది గంటలకు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, నాలుగేళ్ల క్రితం వేయించుకున్న లూప్ తీయించుకోవడం. తీయించుకుంటే ఏడాది తిరిగేసరికి ఇంట్లో రెండో బిడ్డ ఉంటుందని అత్తగారి ఆశ. వీధి చివర నర్సమ్మతో మాట్లాడి వేళ ఖాయం చేసింది కూడా ఆవిడే. కోడలిని ఎవరూ అడగలేదు. ఆమె వద్దని అననూ లేదు. అనకపోతే సరేనన్నట్టే ఆ ఇంట్లో.

కనుబొమ మీద పొలుసును గోటితో తీసి కిటికీ వెలుగుకు పట్టి చూసింది. అంచు అరిగి ఉందేమోనని. మైక్రోస్కోప్ లేకుండా కంటికి అంత తెలియదు.

"అంతసేపు చూస్తావేంటే? అందులో సినిమా ఏమైనా ఆడుతోందా?" అన్నాడు భర్త గడ్డం గీసుకుంటూ. అతను కోపిష్టి కాదు. ఇలా నవ్విస్తూనే ఉంటాడు. ఆ నవ్వులో పడి ఆమె చెప్పాలనుకున్న మాటలు ఎన్నో మునిగిపోయాయి.

ఆమె పనిచేసేది చేపల మీద పరిశోధన జరిగే చోట. పరిశోధన మేడంది. తొట్లు కడగడం, మేత వేయడం, నీళ్లు మార్చడం, ఆ నీళ్లలో కాల్షియం వగైరా ఎంతుందో రోజూ చూడడం ఆమె వంతు. గాజు గొట్టంలోంచి మందు చుక్కచుక్కగా వదులుతూ, ఎర్రగా ఉన్న నీళ్లు నీలంగా మారే చుక్క దగ్గర ఆపాలి. ఒక్క చుక్క ఎక్కువ పడితే మళ్లీ మొదటికి రావలసిందే. ఆమెకు ఎప్పుడూ ఎక్కువ పడదు. అందుకే అక్కడ అందరూ ఆమెను చుక్కలమ్మ అంటారు. పల్లెటూరి బడిలో చదువుకుని వచ్చి, నలుగురిలో నోరు తెరవడానికి బెదిరే ఆమెకు ఆ పేరంటే ఇష్టం. ఆ పనంటే ఇంకా ఇష్టం. ఎక్కడ ఆపాలో నీళ్లే చెప్తాయి. ఇంటి పనికి అలా రంగు మారదు. గిన్నెలయ్యాక బట్టలు, బట్టలయ్యాక నీళ్ల బకెట్లు, ఆపైన పాప జడలు, అత్తగారి కాళ్లకు కాపడం. ఇక్కడికి ఆపు అని ఏదీ చెప్పదు.

చేపల సంగతి మేడం ఒకసారి తీరిగ్గా చెప్పింది. "మనం తిన్నదాంట్లోంచి కాల్షియం తెచ్చుకుంటాం. చేప చాలామటుకు తన చుట్టూ ఉన్న నీళ్లలోంచే మొప్పలతో లాక్కుంటుంది. మొప్పల్లో సన్నసన్నని తలుపులు ఉంటాయనుకో చుక్కలమ్మా. నీళ్లలో తక్కువైతే ఆ తలుపులు పెంచుకుంటుంది. ఒంట్లో సరిపడా చేరాక, మూత్రపిండాల దగ్గర చిన్న గ్రంథి ఉంటుందే, అది ఇక చాలని కబురు పెడుతుంది. తలుపులు మూసుకుంటాయి." చాలని చెప్పేది ఒకటి ఒంట్లోనే ఉండడం ఆమెకు ఎంతో వింతగా తోచింది. బస్సులో ఇంటికొస్తూ దారంతా అదే తలుచుకుంది.

ఈసారి ఎనిమిది తొట్లలో నాలుగింటిలో కాల్షియం బాగా తక్కువున్న నీళ్లు పోశారు. నెలకోసారి ఒక్కో చేపకు మత్తిచ్చి, ఒంటి మీద ఒకే చోట మూడు పొలుసులు పీకి, గాజు పలకల మీద పెట్టి చూడాలి. పోయిన వారం చూస్తే ఆ నాలుగింటిలో ఒకే తొట్టిలోని చేపల్లో కొన్నిటి పొలుసులు నిండుగా ఉన్నాయి, కొన్నిటివి అంచులు తినేసినట్టు పలచబడ్డాయి. రెండు తొట్ల పలకలు కలిపేశానేమో అనుకుంది. ఎవరికీ చెప్పకుండా మర్నాడు మళ్లీ చేసింది, ఆ మర్నాడు మళ్లీ. రెండు రోజులూ ఇంటికి ఆలస్యం. "ఉద్యోగం చేస్తున్నావా, కాపురం చేస్తున్నావా?" అని అత్తగారు పిల్లి మీదా ఎలక మీదా పెట్టి కాదు, నేరుగానే అడిగింది. మూడో రోజు పొలుసు పీకే ముందు ఆమె చేప పొట్ట చూసింది. పలచబడ్డ పొలుసులన్నీ జనతో ఉన్న ఆడచేపలవి.

బెదురుతూ మేడంకు చెప్తే ఆవిడ కళ్లజోడు తీసి ఆమె వైపు చూసింది. "నువ్వు పలకలేం కలపలేదు. అది పొరపాటు కాదు. గుడ్లకు కాల్షియం కావాలి, నీళ్లలో లేదు. ఇంకెక్కణ్నుంచి తెస్తుంది? తన పొలుసులు తానే కరిగించుకుంటోంది" అని గబగబా పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టింది. చుక్కలమ్మ తొట్టి దగ్గరే నిలబడిపోయింది. మగచేపలు నిగనిగలాడుతూ తిరుగుతున్నాయి. వాటి తప్పేం లేదు. అవే నీళ్లు, అదే మేత.

పాప పుట్టాక ఆమెకు ఒక పన్ను ఊడింది. "కాన్పుకో పన్ను. ఆడపుట్టుక అంతే" అని అత్తగారు అప్పుడు తేల్చేసింది. నిరుడు నిండు బకెట్ ఎత్తబోతే కుడి మణికట్టు పుటుక్కున విరిగింది. "ఇరవై తొమ్మిదేళ్లకే ఇవేం ఎముకలమ్మా, అరవై ఏళ్లవాళ్లకు ఉన్నట్టున్నాయి. ఇప్పట్లో ఇంకో కాన్పు మాట తలపెట్టొద్దు. బిళ్లలు మానకు. రెండు పూటలా పాలు తాగు" అన్నాడు ఎముకల డాక్టరు. పక్కనే ఉన్న భర్త తలూపాడు. దారిలో స్కూటర్ ఆపి తనే బిళ్లలు కొన్నాడు, గుంతలొస్తే నెమ్మదిగా నడిపాడు. ఆ బిళ్లలు నెలకు అయిపోయాయి. మళ్లీ తేవాలని ఎవరికీ గుర్తు రాలేదు, ఆమెకు కూడా. పాలు ఎప్పటిలా ఒక్క ప్యాకెట్టే. అందులోంచి భర్త కాఫీకి, పాప గ్లాసుకు, అత్తగారి మాత్రకు పోగా అడుగున మిగిలిన మీగడ చారతో ఆమె టీ. ఎవరూ ఆమెను పోసుకోవద్దని అనలేదు. గ్లాసుల్లో పోసేది ఆమె చెయ్యే. నా మొప్పలు నేనే మూసుకున్నానని ఆ రోజు తొట్టి దగ్గర ఆమెకు అనిపించింది.

చేప ముక్కలు కడిగి పెట్టేసరికి తొమ్మిదిన్నర. పాప బడికి వెళ్లిపోయింది. భర్త ఇస్త్రీ చొక్కా వేసుకుని స్కూటర్ తాళం తిప్పుతూ వచ్చాడు.

"ఇంకా తెమల్లేదా? నీ కోసం పూట సెలవు పెట్టాను."

"నేను రావట్లేదండీ."

"ఏం, తలనొప్పా?"

"కాదు. లూప్ తీయించుకోను."

ఆ మాట అంత మామూలుగా తన నోటినుంచి వచ్చినందుకు ఆమే ఆశ్చర్యపోయింది. వసారాలో స్టూలు మీద కూర్చున్న అత్తగారు మెడ తిప్పింది. "ఇదేం చోద్యం! నోట్లో నాలుక లేని పిల్ల అని ఊరంతా చెప్పుకున్నానే. ఒక కన్ను కన్నూ కాదు, ఒక బిడ్డ బిడ్డా కాదు. నీకెవరు నూరిపోశారే ఇది?"

"ఎవరూ కాదత్తయ్యా. చేపలు."

చెప్పడం చేతకాలేదు ఆమెకు. ముందు చెప్పాల్సింది వెనకా, వెనక చెప్పాల్సింది ముందూ చెప్పింది. నీళ్లు, మొప్పలు, గుడ్లు, అంచులు అరిగిన పొలుసులు. భర్త పడీపడీ నవ్వాడు. "బాగుంది! చేపలకేదో అయిందని నువ్వు పిల్లల్ని కనవా? ఇంకా నయం, కోళ్ల దగ్గర పనిచేయట్లేదు."

ఆమె ఈసారి నవ్వలేదు. "డాక్టరు చెప్పినప్పుడు మీరు పక్కనే ఉన్నారు."

అతని నవ్వు ఆగింది. "డాక్టర్లు అలాగే భయపెడతారు. మా అమ్మ అయిదుగుర్ని కనలేదా? ఏమైందిప్పుడు?"

అని, చూడకూడదనుకుంటూనే అతను తల్లి వైపు చూశాడు. కోడలూ చూసింది. కూర్చున్నా నిటారుగా నిలవని వెన్ను. నడిస్తే ఎదుటి మనిషి ముఖం కంటే ముందు కాళ్లు కనిపించేంత వంగిపోయిన మనిషి. పై వరసలో ఒక్క పన్నూ లేదు. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి, కోడలు వెళ్లి కట్టేసి వచ్చింది.

"ఆ ఆడచేపకి..." అంది అత్తగారు. "గుడ్లు పెట్టేశాక మళ్లీ వస్తాయా పొలుసులు?"

"మంచి నీళ్లలోకి మారిస్తే పూడుకుంటాయని మేడం అన్నారు. అవే నీళ్లలో ఉంచి మళ్లీ గుడ్లు పెట్టిస్తే పూడుకోవట."

"ఎవరూ మార్చకపోతే?"

అత్తగారు తన రెండు అరచేతులనూ మోకాళ్ల మీద బోర్లా పెట్టి వాటినే చూస్తూ ఉంది.

"నువ్వైనా చెప్పమ్మా దీనికి" అన్నాడు కొడుకు విసుగ్గా. "వేళ మాట్లాడింది నువ్వు. రావట్లేదని నర్సమ్మకు ఇప్పుడెవరు చెప్తారు?"

అత్తగారు గోడ పట్టుకుని లేచింది. సగం లేచి, నడుము సర్దుకోవడానికి ఆగి, మిగతా సగం లేవకుండానే చెప్పుల్లో కాళ్లు పెట్టింది. "ఎక్కడికమ్మా?" అని కొడుకు అడిగాడు. ఆవిడ అతని వైపు గానీ, గుమ్మంలో నిలబడ్డ కోడలి వైపు గానీ చూడలేదు. గేటు తీసుకుని, వంగిన వీపు మీద ఎండ పడుతుండగా, వీధి చివర నర్సమ్మ ఇంటి వైపు నడిచింది.