ఎడమకు పోయే బాణాలు

మా మామగారి లెక్క ఎన్నడూ తప్పలేదు. అదే మా ఖర్మ.

విల్లు ఎంత బరువు లాగుతుందో చెబితే చాలు. దానికి దేవదారు కర్ర ఎంత బిరుసుగా ఉండాలో, కొసన ఎంత బరువు ములికి అతికించాలో, వెనక టర్కీ ఈక ఎంత పొడుగు కొయ్యాలో కర్రను వేళ్ల మధ్య వంచి చూస్తూనే చెప్పేస్తారు ఆర్డెల్. అమెరికాలో, ఐడహోలో మా వైపు పాతకాలపు వింటితో ఎల్క్ అనే పెద్ద కొండదుప్పి వేటకు వెళ్లేవాళ్లలో సగంమంది బాణాలు ఆయన చేతిలో తయారైనవే. ఈ ఏడాది కొడుక్కీ ఆయనే చేసి పెట్టారు. యాభై అయిదు పౌన్ల వింటికి అతికినట్టు సరిపోయే బాణాలు, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఒకే బరువు. వచ్చిన చిక్కల్లా ఒకటే. గేలెన్ విల్లు ఇప్పుడు యాభై అయిదు పౌన్లది కాదు.

ఆ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే. గేలెన్, అతన్ని కట్టుకున్న పాపానికి నేను.

చలికాలంలో మంచు మీద జారిపడి కుడి భుజం పాడుచేసుకున్నాడు. మంచు కరిగేసరికి పాత విల్లు సగం కూడా లాగలేకపోయాడు. అతనిది మూడు ముక్కల విల్లు. పిడి అలాగే ఉంచి పైనా కిందా రెక్కలు మార్చుకోవచ్చు. గప్‌చుప్‌గా నలభై రెండు పౌన్ల రెక్కలు తెప్పించి బిగించుకుని, రెక్క మీద రాసి ఉన్న అంకెను గరుకు కాగితంతో గీకేశాడు. తండ్రి అడిగితే చెమటకు చెరిగిపోయిందన్నాడు.

నలభై రెండు పౌన్లతో ఎల్క్ పడదా అంటే, నిక్షేపంగా పడుతుంది. మా పుట్టింటి ఆడవాళ్లు అంతకంటే పెద్ద విల్లు ఎత్తి ఎరగరు, మా ఇంట్లో మాంసానికి ఏనాడూ లోటు రాలేదు. ఎల్క్ పోతును దగ్గరికి రానివ్వాలి. బాణం బరువుగా ఉండాలి. ములికి రెండంచులదై, సన్నగా, చేతి మీద వెంట్రుకలు గొరిగేంత పదునుగా ఉండాలి. మూడంచుల ములికి చేసే గాయం పెద్దదే కానీ, దాన్ని లోపలికి నెట్టడానికి బలమైన విల్లు కావాలి. ఇవన్నీ ఒక ఎత్తు, బాణం తిన్నగా పోవడం ఒక ఎత్తు. తేలిక వింటికి బిరుసు కర్ర తొడిగితే అది వంగి పిడిని తప్పించుకోలేదు. కుడిచేత్తో లాగేవాడికి ఎడమ పక్కకు నెట్టుకుపోతుంది, తోక ఊపుకుంటూ పోతుంది. అలా అడ్డంగా తగిలిన బాణం లోపలికి దిగదు. ఆ ఎల్క్ చావదు, బతకదు.

"నాన్నా, విల్లు తేలికైంది, కర్రలు మార్చు" అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట అనడానికే లేదు. మా శిబిరంలో యాభై పౌన్లకు తక్కువ విల్లు ఎల్క్ మీదికి ఎత్తకూడదు. ప్రభుత్వం పెట్టిన నియమం కాదది, ఆర్డెల్ పెట్టింది. లాగలేని రోజు వచ్చినవాడు విల్లును గుడారంలో మేకుకు తగిలించి, కాఫీ కాచుకుంటూ కంచరగాడిదల్ని చూసుకోవాలి. దాన్ని మావాళ్లు 'కూర్చోవడం' అంటారు. రెండేళ్ల కిందట ఆయనే కూర్చున్నారు. ఎవరూ చెప్పలేదు, తనే తగిలించేశారు. కొడుకు కూడా కూర్చుంటే ఇక మా ఇంట్లో ఈ కొండకు వేటకొచ్చే మనిషే ఉండడు. అందుకని గేలెన్ నోరు కుట్టేసుకున్నాడు, నా నోరూ కుట్టేశాడు.

శిబిరం వేసిన దగ్గర్నుంచీ రోజూ ఇదే భాగోతం. గేలెన్ గడ్డిమోపు మీదికి బాణం వేస్తాడు, అది జానెడు ఎడమకు పోతుంది, ఆర్డెల్ మొదలుపెడతారు.

"మళ్లీ ఎడమకే! నారి వదలమంటే గిటారు వాయిస్తావేంట్రా?"

"చూసుకుంటాలే నాన్నా."

"ఏం చూసుకుంటావ్ నా మొహం! పాలపళ్లు ఊడనప్పుడు ఇంతకంటే బాగా వదిలేవాడివి. ఆవు పొదుగు పట్టుకున్నట్టు ఆ పట్టుకోవడమేంటి? ఏదీ, ఇంకోటి వెయ్."

ఇంకోటి వేసేవాడు. తర్వాత ఇంకోటి. తప్పు వేళ్లది కాదని తెలిసి కూడా తలాడిస్తూ వేసేవాడు. భుజం వాచిపోయేది. మందు రాస్తే కర్పూరం వాసన గుడారంలో తెలిసిపోతుందని, వాగు దగ్గరికి తీసుకెళ్లి రాసేదాన్ని.

"చెప్పెయ్ గేలెన్. తిడితే తిట్టనీ. తర్వాత కూర్చుని సరైన బాణాలు చేసిస్తారు. నలభై రెండు చాలని నేను ఒప్పిస్తా."

"ఆయన్ని నువ్వు ఒప్పిస్తావా? ఆ నియమం ఆయన తన మీదే పెట్టుకున్నాడు మార్లిస్. నాకు సడలిస్తాడా?"

అదీ నిజమే. ముందుకు పోతే గొయ్యి, వెనక్కి పోతే నుయ్యి.

నా బుద్ధికి తోచిన ఉపాయం నేను చేశాను. ములికి బరువు పెంచితే బిరుసు కర్ర కూడా వంగుతుంది. ఇంటి దగ్గర్నుంచే బరువైన ములుకులు కొన్ని పిండి సంచిలో దాచి తెచ్చాను. ఆర్డెల్ గాడిదలకు నీళ్లు పెట్టడానికి వెళ్లిన సందులో, పొయ్యి సెగకు జిగురు కరిగించి, ఉన్నవి ఊడబీకి నావి అతికించాను. గేలెన్ వేశాడు. బాణం తోక ఊపకుండా తిన్నగా వెళ్లి మోపు నడిమధ్యన దిగింది. రెండోదీ అంతే. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఈ వేటకు గండం గడిచిందనుకున్నాను.

పెద్దాయనకు ఉదయం కాఫీ అవగానే అందరి ములుకులూ సాన పట్టే అలవాటుందన్న సంగతి ఆ సంబరంలో మరిచిపోయాను.

"నా బాణానికి ఈ గునపం ఎవడు తగిలించాడ్రా?"

"నేనే మామయ్యా. బరువుంటే ఇంకాస్త లోతుకు దిగుతుందని."

"అమ్మాయ్, ఎల్క్‌ని కూతపెట్టి పిలవడంలో నిన్ను మించినవాళ్లు లేరు, ఒప్పుకుంటా. ఇది మాత్రం నాకొదిలెయ్. యాభై అయిదు పౌన్లకి ఈ బరువు పెడితే కర్ర మెత్తబడి కుడికి కొడుతుంది."

"నిన్న మధ్యలోకే పోయింది కదా?"

"పోదా మరి! వీడి వేళ్లు ఎడమకి నెట్టె, నీ గునపం కుడికి లాగె. రెండు తప్పులు కలిస్తే ఒప్పయిపోద్దా?"

ఆయన చెప్పిందాంట్లో తప్పు పట్టడానికి వెంట్రుకవాసి కూడా లేదు. లెక్క నిజం, విల్లే అబద్ధం. నేను గేలెన్ వైపు చూశాను. అతను కాఫీ కప్పులో ఏదో పోగొట్టుకున్నట్టు వెతుకుతున్నాడు.

"నాన్న చెప్పింది కరెక్టే మార్లిస్" అన్నాడు చివరికి.

అప్పుడు వచ్చిన కోపం నాకు పెళ్లయ్యాక ఎప్పుడూ రాలేదు. ఆర్డెల్ నా ములుకులు ఊడదీసి, పాతవి అతికించి, అంచు తన ముంజేతి మీద గీసి నాలుగు వెంట్రుకలు రాలాక తృప్తిపడి, ఒక్కొక్కటే పొదిలో పెట్టారు. తిన్నగా పోయే బాణం ఒక్కటీ లేకుండా అంత శ్రద్ధగా పేర్చారు.

ఆ రోజు మధ్యాహ్నం పై లోయలో పోతు కూత వినిపించింది. కొడుకు వేట కళ్లారా చూస్తానని పెద్దాయన కూడా గాడిదెక్కి బయల్దేరారు. వద్దనడానికి మా దగ్గర కారణమే లేదు. గేలెన్ ముందువైపు ఫిర్ చెట్టు చాటున మోకాళ్ల మీద కూర్చున్నాడు. అతనికి వెనగ్గా, కూలిన మాను చాటున నేనూ, నా భుజానికి భుజం ఆనించి ఆర్డెల్. నేను ఆడ ఎల్క్‌లా పిలిచాను. పోతు పలికింది. మళ్లీ పిలిచాను. చెయ్యి తిరిగిన పని కనక ఎంత వద్దనుకున్నా బాగానే పిలిచాను.

వచ్చేసింది. కొమ్ములు వెనక్కి వాల్చి, కొమ్మలు తోసుకుంటూ, ఎండలో ఒంటి మీద ఆవిరి లేస్తూ. గేలెన్‌కి ఇరవై అడుగులు కూడా లేని చోట, ఎడమవైపు తల పెట్టి పక్కవాటుగా నిలబడింది. ఏ వేటగాడైనా దేవుణ్ణి అడిగేది అంతే. గేలెన్ పక్కటెముకల మీదికే గురిపెడతాడు. బాణం ఎడమకు పోతుంది. ఎడమన ఉన్నది భుజం ఎముక. అడ్డంగా పోయిన బాణం ఆ ఎముకకు తగిలి చిటికెన వేలంత దిగి ఆగుతుంది. ఆ పోతు దాన్ని మోసుకుంటూ మంచు పడేదాకా కుంటుతుంది, చీము పడుతుంది, తోడేళ్లు తింటాయి. నాకు ఇవన్నీ కళ్లకు కట్టాయి. అరిస్తే మొగుడి పరువు, ఊరుకుంటే మూగజీవం ఉసురు. గేలెన్ నారి నోటి కొస దాకా లాగాడు.

నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను.

పోతు ఒక్క దూకులో చెట్లలో కలిసిపోయింది. ఆర్డెల్ ముఖం కందగడ్డయింది.

"మతిగానీ పోయిందేంటే నీకు! బంగారంలాంటి పోతు! ఏం చూసి లేచావసలు?"

గేలెన్ మా దగ్గరికి నడిచొచ్చాడు. నేనెందుకు లేచానో ఈ భూమ్మీద తెలిసినవాడు అతనొక్కడే. నా కళ్లలోకి చూడకుండా, "ఏంటి మార్లిస్ ఇది?" అన్నాడు.

శిబిరానికి దిగాం. సాయంత్రం బీన్స్ వడ్డిస్తుంటే ఆర్డెల్ నెమ్మదిగా అన్నారు, "రేపట్నుంచి నువ్వు గుడారంలో ఉండమ్మాయ్. వాడొక్కడే వెళ్తాడు."

గేలెన్ తలాడించాడు. ఆ తలాడించడంతో నాలో ఏదో తెగింది. అతని విల్లు తీసి ఆర్డెల్ ముందు పెట్టాను.

"అయితే ఒక్క ఉపకారం చెయ్యండి మామయ్యా. నారి వదలడం ఎలాగో మీ అబ్బాయికి లాగి చూపించండి."

"నేను కూర్చున్నవాణ్ణి. నాతో ఏంటి పరాచికాలు?"

"చేతకాదని చెప్పండి, మానేస్తా."

"మార్లిస్, వద్దు" అన్నాడు గేలెన్. వద్దన్నకొద్దీ నాకు పంతం పెరిగింది. లాగితే ఆయనకే తెలుస్తుంది, తిట్లు పడతాయి, ఈ పీడ విరగడవుతుంది, అదీ నా లెక్క.

ఆర్డెల్ కంచం పక్కన పెట్టి లేచారు. విల్లు ఎత్తి, ఎప్పుడో వదిలేసిన పనిలా భయంభయంగా లాగడం మొదలుపెట్టారు. నారి రొమ్ము దాటింది. గడ్డం దగ్గరికి వచ్చింది. నోటి కొసకు తగిలి ఆగింది. ఆయన కళ్లు పెద్దవయ్యాయి. వణక్కుండా పట్టుకుని, అంతే మెల్లగా వెనక్కి వదిలారు. మళ్లీ లాగారు. మళ్లీ వచ్చింది.

"ఒరేయ్!" అన్నారు. ముసలి ముఖం చిన్నపిల్లాడి ముఖమైపోయింది. "ఒరేయ్ గేలెన్, వచ్చేసిందిరా! యాభై అయిదు! రెండేళ్ల నుంచి నా చెయ్యి చచ్చిపోయిందనుకుంటున్నా. ఊరికే భయపడి కూర్చున్నాన్రా నేను!" నా తల పట్టుకుని నుదుటి మీద ముద్దుపెట్టుకున్నారు. "బంగారుతల్లీ, నువ్వు రెచ్చగొట్టకపోతే ఇలాగే చచ్చేవాణ్ణి. రేపు నేనే వస్తా. నువ్వే పిలవాలి నాకు."

కోపానికి సిద్ధపడ్డాను గానీ దీనికి సిద్ధపడలేదు. చెబితే ఆయన ప్రాణం పోతుంది, చెప్పకపోతే రేపు అవే బాణాలతో కొండెక్కుతారు. నేను తవ్విన గోతిలో నేనే కూలబడ్డాను. ఆయన అప్పుడే పొది దగ్గర పెట్టుకుని ఏ బాణం తీసుకెళ్లాలో ఎంచుకుంటున్నారు, కూనిరాగం తీస్తూ.

"నాన్నా." గేలెన్ లేచి నిలబడ్డాడు. "ఆ విల్లు నలభై రెండే. రెక్కలు మార్చా. నా భుజం పోయింది."

కూనిరాగం ఆగిపోయింది. ఆర్డెల్ చేతిలోని బాణాన్ని చూశారు, వింటిని చూశారు. లెక్క వేసుకోవడానికి ఆయనకు ఎంతసేపు పడుతుంది?

"అయితే ఎడమకి పోయింది నీ వేళ్ల వల్ల కాదన్నమాట."

"కాదు నాన్నా."

"నీ పెళ్లాం లేచింది అందుకే."

"అందుకే."

ఆయన బాణాన్ని పొదిలో పెట్టేశారు. విల్లును రెండు చేతులా తెచ్చి కొడుక్కి అందించి, మంచం మీద కూర్చున్నారు. తిడతారని నేను ఎదురుచూశాను. తిడితే బాగుండుననిపించింది.

"ఈ రాత్రి గడిచాక చెబితే నీ సొమ్మేం పోయేదిరా" అన్నారు.